గోడ అవతలి ప్రార్థన

వచ్చే నెల చేవెళ్లలో చుట్టుపక్కల సంఘాల స్త్రీలందరికీ కలిపి ఒకరోజు కూడిక ఉంది. అందులో ఒక గంట నన్ను మాట్లాడమన్నారు. అంశం వాళ్ళే పెట్టారు. ఉరుకులు పరుగులు లేకుండా ఉదయాన్ని దేవునితో ఎలా మొదలుపెట్టుకోవాలి అన్నది. ఫోను చేసిన సహోదరి చివర్లో ఇంకో మాట కలిపింది. మీ ఊళ్ళో ఒక అవ్వ ప్రార్థనలో కూర్చున్నది కూర్చున్నట్టే కన్నుమూసిందట కదా, ఆమె సాక్ష్యం తప్పకుండా చెప్పాలి, మావాళ్ళు అడిగి మరీ చెప్పమన్నారు అంది. సరేనన్నాను. ఫోను పెట్టేశాక చాలాసేపు వంటింట్లోనే నిలబడిపోయాను.

మా ఆయన చిన్న మంగళారంలో పాస్టరు. అందువల్ల ఊళ్ళో నేను అందరికీ అమ్మగారిని. అవ్వకు కూడా పదిమందిలో అమ్మగారినే. ఎవరూ లేనప్పుడు మాత్రం బిడ్డను. ఆమె పోయి ఎనిమిది నెలలైంది. ఆమె పేరు ఇక్కడ రాయను. బతికుండగా ఆదివారం పూట సంఘంలో ఎవరైనా ఆమె పేరెత్తి మెచ్చుకుంటే కొంగు మొహం మీదికి లాక్కుని పక్కనున్నదాన్ని మోచేత్తో పొడిచేది, ఇక చాలించమని చెప్పు అన్నట్టు.

పొట్టి మనిషి. కూతురు పెళ్ళై చేవెళ్లలో ఉంటుంది, ఇక్కడ అవ్వ ఒక్కతే ఉండేది. ఏళ్ళ తరబడి ఆకుకూరల గంప మోసినందువల్ల ఎడమ భుజం కొంచెం కిందికి వాలి ఉండేది. మాట్లాడే ముందు కుడి చేతి వెనకవైపుతో మూతి తుడుచుకునేది. ఆ తుడుచుకోవడంలో సగం మాటలు పోయేవి. మిగిలిన సగమే మనకు వినిపించేవి. ఊరి చివర రెండు ఫామ్‌హౌసుల ప్రహరీల మధ్య ఆమెకు అర ఎకరం పొలం ఉండేది. అందులో పాలకూర, మెంతికూర, కొత్తిమీర. శనివారాలు రెండు పక్కలా పెద్దగా పాటలు మోగుతుంటే మధ్యలో గొంతుక్కూర్చుని కలుపు తీసేది. విసుక్కున్నట్టు ఎప్పుడూ చూడలేదు. పాలకూర కూడా పాట వింటే పెరుగుతుందేమో అనేది.

మేము ఈ ఊరికి వచ్చిన కొత్తలో నా ఉదయాలు ఎలా ఉండేవో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. కళ్ళు తెరవకముందే చెయ్యి దిండు కిందికి పోయేది. నాలుగు వాట్సాప్ గ్రూపులు. సూర్యోదయం బొమ్మ మీద వాక్యం రాసి ఉన్న చిత్రం వెతికి నాలుగింటికీ పంపేదాన్ని. ఎవరెవరు చేతులు జోడించిన గుర్తు పెట్టారో చూసుకునేదాన్ని. అప్పటికి ఆరున్నర అయ్యేది. ఇంక అక్కడినుంచి ఆగమాగం. ఏడుంపావుకు మొయినాబాద్ బడి వ్యాను. పెద్దవాడి బెల్టు కనపడదు, చిన్నదాని జడ పడదు, పాలు పొంగుతాయి. మా ఆయన ఎవరింట్లోనో ప్రార్థనకు బయల్దేరుతూ చొక్కా గుండీ ఊడిందంటారు. ఇంత రభసలోనూ ఇంట్లో పవిత్రత ఉండాలని ఫోన్లో ఆరాధన పాటలు గట్టిగా పెట్టేదాన్ని.

అలాంటి ఒక ఉదయం అవ్వ రెండు మెంతికూర కట్టలు ఇవ్వడానికి వచ్చింది. నేను పెద్దవాడి చెవి పట్టుకుని ఉన్నాను. పాట మోగుతోంది. అవ్వ గడప దగ్గరే నిలబడి మూతి తుడుచుకుంది.

"బిడ్డా, దేవుని పాట పెట్టినవ్, పిల్లగాన్ని తిడ్తున్నవ్. వాడు దేన్ని ఇనాలె?"

నేను చెవి వదిలేశాను. వాడు ఫక్కున నవ్వాడు. నాకు ఏడుపొచ్చింది. అవ్వ కట్టలు కింద పెట్టి, చిన్నదాన్ని దగ్గరికి లాక్కుని జడ వేయడం మొదలుపెట్టింది. ఎంత నిదానంగా వేసిందంటే వ్యాను వెళ్ళిపోతుందని నా ప్రాణం గిలగిల్లాడింది. వ్యాను వెళ్ళిపోలేదు. పోతూ పోతూ అంది, "రేపు పొద్దుగాల నా కాడికి రా. ఏం తేకు. పుస్తకం గూడ తేకు. ఊకె కూసోని పో."

మర్నాడు ఐదింటికి వెళ్ళాను. ఆమె ఇంటి ముందు చూరు కింద ఒక వెడల్పాటి షాబాదు బండ పరిచి ఉండేది. అప్పటికే మొహం కడుక్కుని, తల మీద కొంగు కప్పుకుని, దాని మీద కూర్చుని ఉంది. నన్ను చూసి కొంచెం పక్కకు జరిగింది. అంతే. పలకరింపు లేదు. ఆమెకు ఒక పద్ధతి ఉండేది. లేచాక మొదటి మాట మనిషితో కాదు, దేవునితో. అందుకని నేను వచ్చినా పలకలేదు. నేను కళ్ళు మూసుకుని నాకు తెలిసిన ప్రార్థనలన్నీ వరసగా చేశాను. అయిపోయాయి. కళ్ళు తెరిచి చూస్తే ఐదూ పది. ఆమె ఇంకా అలాగే కూర్చుని ఉంది. దూరంగా చిల్కూరు వైపు కార్లు పోతున్న చప్పుడు. తడి మట్టి వాసన. నాకు కాలు తిమ్మిరెక్కింది. ఫోను ఇంట్లో ఉంది, అయినా చెయ్యి రెండుసార్లు దానికోసం తడుముకుంది.

తర్వాత అడిగాను, అంతసేపు ఏం ప్రార్థిస్తావవ్వా అని. ఆమెకు చదువు రాదు. ఆదివారం ఆరాధన అయ్యాక నా దగ్గరికొచ్చి, అయ్యగారు చెప్పినదాంట్లోంచి ఒక వాక్యం ఇవ్వమనేది. నేను చెబితే నాలుగైదుసార్లు పలికి మింగినట్టు వెళ్ళిపోయేది. వారమంతా పొద్దున అదే. ఒకసారి ఉత్సాహం కొద్దీ రెండు చెప్పబోయాను. చెయ్యి అడ్డం పెట్టింది. "ఒక్కటియ్యి చాలు. రెండిస్తె లోపల కొట్లాడుకుంటయ్." ఆదివారం మా ఆయన గంటంపావు ప్రసంగించేవారు. ఈ మాట చెబితే మరుసటి వారమే నలభై నిమిషాలకు కుదించారు. సంఘమంతా అవ్వకు కృతజ్ఞతగా ఉంది.

ఆ తర్వాత పొయ్యి. మా సంఘాల్లో పిడికెడు బియ్యం ఆనవాయితీ ఉంది. ఎసట్లో పోయబోయే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి దేవుని పేర పక్కన పెట్టి, ఆదివారం గుడికి తెస్తాం. అందరం తీస్తాం. నేనూ తీసేదాన్ని, గ్లాసు ముంచి డబ్బాలోకి ఒంపేసి. అవ్వ అలా కాదు. పిడికిలి పట్టి, డబ్బా మీద ఆపి, ఒకరి పేరు చెప్పుకుని అప్పుడు తెరిచేది. జ్వరంతో ఉన్న పిల్ల పేరు, పనికిపోయి రాని మనిషి పేరు. కొన్నాళ్ళు నా పేరు. చివరి ఏడాది ఆమె పిడికిలి బాగా చిన్నదైపోయింది. వేళ్ళు ముడుచుకోవడం లేదు. అప్పుడు రెండుసార్లు తీసేది. ఇద్దరి పేర్లా అంటే కాదంది. ఒక్కరికే, చెయ్యి చిన్నగైంది గానీ మనిషి చిన్నగ కాలే గద అంది.

ఆరింటికి ట్రాలీ ఆటో వచ్చేది, ఊళ్ళో వాళ్ళందరి ఆకుకూరలూ మార్కెట్టుకు ఎక్కించుకుపోవడానికి. దాన్ని నడిపే అతనికి హారన్ మీద నుంచి చెయ్యి తీయడం తెలియదు. అవ్వ నిమ్మళంగా కట్టలు లెక్కబెట్టి, తడిగుడ్డ కప్పి, అప్పుడు గంప ఎత్తేది. నీకు దేవుడు తీరిక ఇచ్చిండవ్వా, నాకు మార్కెట్లోళ్లు ఇయ్యరు అని అతను మొత్తుకునేవాడు. "గంత హారన్ కొడ్తె పాలకూర పెద్దగైతదా?" అని ఆమె అడిగేది. అతనికి ఆమె మీద కోపం ఉన్నట్టు నటించడం ఇష్టం. ఎండాకాలంలో ఆమె గంప తనే ఎత్తి పెట్టేవాడు.

ఇంకొక ఉదయం గురించి చెప్పాలి. నేను అక్కడికి వెళ్ళడం మొదలుపెట్టిన రెండో వారం అనుకుంటా. ఆ రోజు నాకు మొదటిసారి మనసు నిలిచింది. ఊపిరి మెల్లబడింది. ఇదే కదా ఇన్నాళ్ళు వెతికింది అనుకుంటున్నాను. అప్పుడు పక్కింటి గోడ మీదినుంచి ఆ ఇంటి ఆమె పిలిచింది. వాళ్ళ బర్రె ఈనుతోందనీ, దూడ అడ్డం తిరిగిందనీ, కాళ్ళు కనిపిస్తున్నాయి గానీ తల రావట్లేదనీ. వాళ్ళు మా సంఘం వాళ్ళు కాదు. వాకిట్లో తులసి కోట ఉన్న ఇల్లు. ఆ పిలుపు పూర్తి కాకముందే అవ్వ లేచింది. ఆమేన్ కూడా అనలేదు. కొంగు నడుముకు దోపుకుంటూ వెళ్ళిపోయింది.

నేను బండ మీద ఒక్కదాన్నే మిగిలాను. నిజం చెప్పాలంటే నాకు కష్టంగా అనిపించింది. దేవుని సన్నిధిలోంచి బర్రె కోసం లేచిపోవడమా అనుకున్నాను. అరగంట తర్వాత మోచేతుల దాకా కడుక్కుని, చీర ముందుభాగం తడితో వచ్చింది. దూడ బతికిందని చెప్పింది. నేను ఊరుకోలేక అడిగాను, ప్రార్థన మధ్యలో ఆగిపాయె గదవ్వా అని.

మూతి తుడుచుకుంది. "ఆగలే బిడ్డా. గోడకు అవుతల చేసిన." తడి చీర పిండుకుంటూ ఇంకోమాట అంది, "దేవునికి జీతగాడు లేడు గద. ఎవలన్న పిలిస్తె మనమే పోవాలె."

నవ్వాను. ఇంటికొచ్చి మా ఆయనకు కూడా చెప్పి నవ్వించాను.

నాకు ప్రతిదీ నోటుబుక్కులో రాసుకునే అలవాటు. అవ్వ దగ్గర నేర్చుకున్నవన్నీ ఆ రోజుల్లో రాసుకున్నాను. మొదటి మాట దేవునికి. ఫోను ముట్టుకోకూడదు. ఒక్క వాక్యం చాలు. నేల మీద కూర్చోవాలి, కుర్చీలో కాదు. పిడికెడు బియ్యం పేరు చెప్పి తీయాలి. గోడకు అవతలి మాట మాత్రం రాసుకోలేదు. అది తమాషా మాటగా తోచింది గానీ పాఠంగా తోచలేదు.

ఒక ఏడాది తిరిగేసరికి నా ఉదయాలు మారిపోయాయి. అవ్వ బండ మీదికి వెళ్ళడం మానేసి మా ఇంట్లోనే మేడమెట్ల కింద ఒక మూల చేసుకున్నాను. ఐదు నుంచి ఆరు దాకా. పిల్లలకు చెవి నొప్పి తప్పింది. మా ఆయన కూడా మెచ్చుకున్నారు. సంఘంలో స్త్రీల కూడికలో దీన్ని పాఠంగా చెప్పాను. దానికి నిశ్శబ్ద ఘడియ అని పేరు పెట్టాను. ముడిమ్యాల నుంచి, చిల్కూరు నుంచి కూడా పిలిచి చెప్పించుకున్నారు. ఫోను సంగతి బాగా నొక్కి చెప్పేదాన్ని. సైలెంటులో పెట్టడం చాలదు, వెలుతురు మిణుక్కుమన్నా మనసు లాగుతుంది, కాబట్టి బీరువాలో పెట్టి తాళం వేయాలి. నేను అలాగే చేస్తాను అని చెప్పేదాన్ని. తెల్లవారకముందే లేచి ఏకాంత స్థలానికి వెళ్ళి ప్రార్థించిన ప్రభువును ఉదాహరణగా చూపేదాన్ని.

ఊళ్ళో చెప్పిన రోజు అవ్వ వెనక వరసలో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. అంతా అయ్యాక సందేహాలుంటే అడగమన్నాను. ఎవరూ అడగలేదు. ఆమె మూతి తుడుచుకుంది.

"గట్ల బీరువల పెడ్తె, ఎవలన్న పిలిస్తె ఎట్ల అమ్మగారూ?"

"గా గంట దేవునిది అవ్వా. పిలిచెటోళ్లను దేవుడే చూసుకుంటడు" అన్నాను. నా మాటకు అందరూ తలలూపారు. ఒకరిద్దరు ఆమేన్ అన్నారు. అవ్వ కూడా తలూపింది. నువ్వు చదువుకున్నదానివి, నీకే ఎరుక అంది. అందులో ఎత్తిపొడుపు లేదు. ఆమె నిజంగానే అలా అనుకుంది. అదే ఇప్పుడు నన్ను ఎక్కువ బాధపెడుతుంది.

పోయిన వానాకాలంలో ఒక శుక్రవారం. తెల్లవార్లూ ముసురు పట్టి ఐదింటికి కాస్త తెరిపి ఇచ్చింది. నేను మెట్ల కింద కూర్చున్నాను. చాలా మంచి గంట అది. ఆ వారపు వాక్యం మనసులో నూనెలా పరుచుకుంది. ఆరింటికి లేచి, బీరువా తాళం తీసి ఫోను చూస్తే మూడు పిలుపులు ఉన్నాయి. మూడూ అవ్వవే. ఐదూ ఏడుకు ఒకటి, ఐదూ తొమ్మిదికి ఒకటి, ఐదుంపావు దాటాక ఒకటి.

ఏమనుకున్నానో దాచకుండా రాస్తాను. వానకు ట్రాలీ రాదేమో అడగడానికి చేసి ఉంటుంది అనుకున్నాను. తిరిగి చేశాను. మోగింది, ఎత్తలేదు. గంప సర్దుకుంటుందిలే అనుకుని బియ్యం కడిగాను. పిడికెడు తీసి, పేరు చెప్పి, డబ్బాలో వేశాను. ఆ ఉదయం నేను చాలా ప్రశాంతంగా ఉన్నాను.

ఆరున్నరకు ట్రాలీ అతను మా గేటు దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. చెప్పులు లేవు. అవ్వ బండ మీద కూసోని ఉన్నది, హారన్ కొట్టిన, పిలిచిన, పలుకతలేదు అన్నాడు. మా ఆయన కారు తీశారు. నేను ఆగకుండా పరుగెత్తాను. మా గేటు నుంచి ఆమె వాకిలికి నాలుగు నిమిషాలు కూడా పట్టలేదు. గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. తల మీద కొంగు ఉంది. చేతులు ఒళ్ళో ఉన్నాయి. మొయినాబాద్ దవాఖానలో డాక్టరు చెయ్యి పట్టుకుని చూసి, పోయి కొంతసేపైంది అన్నాడు. ఎంతసేపు అని నేను అడగలేదు.

ట్రాలీ అతను చూసింది చూసినట్టే ఊళ్ళో చెప్పాడు. కొంగు కప్పుకుని, చేతులు ముడుచుకుని ప్రార్థనలో కూర్చుని ఉందని. వినేవాళ్ళకు అంతకంటే ఏం కావాలి. మధ్యాహ్నానికి సంఘమంతా అదే మాట. ప్రార్థనలోనే ప్రభువు పిలుచుకున్నాడు. సమాధి కార్యక్రమంలో మా ఆయన కూడా అదే చెప్పారు. అందరూ ఏడ్చారు, కానీ సంతోషం కలిసిన ఏడుపు అది. తర్వాత ఆదరణ కూడికలోనూ అదే. అక్కడినుంచి పక్క సంఘాలకు పాకింది. బర్రె దూడను బతికించుకున్న పక్కింటి ఆమె కూడా అందరితో అదే చెప్పి కళ్ళు తుడుచుకుంది.

నేను ఆమేన్ అన్నాను. నా ఫోనులో ఆ మూడు పిలుపులు అలాగే ఉన్నాయి. ఆమె ప్రార్థనలో లేదు. నొప్పితో ఉంది. నడుముకు దోపుకున్న చిన్న బటన్ ఫోను తీసి, చదువు రాని వేళ్ళతో నన్ను పిలిచింది. మూడుసార్లు పిలిచి, మళ్ళీ దోపుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుంది. నేను నాలుగు నిమిషాల దూరంలో దేవునితో మాట్లాడుతున్నాను.

రెండు వారాల తర్వాత మా ఆయనకు చెప్పాను.  ఆయన, పిలిచాక ఆమె ప్రార్థనే చేసుకుని ఉంటుంది, చేయలేదని మనమెలా అంటాం అన్నారు. నిజమే అయుండొచ్చు. నా దగ్గర ఎవరైనా ఇలాంటి కష్టం చెప్పుకుంటే నేనూ ఆ మాటే అంటాను. ఆ మాట నాకు ఓదార్పు కాలేదు.

ఆ తర్వాత మెట్ల కింద కూర్చోలేకపోయాను. కూర్చుంటే చెవులు పనిచేసేవి, నోరు కాదు. ఎక్కడో స్టీలు గిన్నె పడ్డా లేచిపోయేదాన్ని. అలాంటి ఒక రోజున, నేను వందసార్లు ఉదాహరణగా చూపిన ఆ భాగమే మళ్ళీ తీసి చదివాను. ప్రభువు చీకటితోనే లేచి ఏకాంతంగా వెళ్ళాడు, ప్రార్థించాడు. నేను అక్కడిదాకానే చెప్పేదాన్ని. దాని కిందే ఇంకా ఉంది. శిష్యులు ఆయన్ను వెతుక్కుంటూ వచ్చి, అందరూ నీ కోసం వెతుకుతున్నారని చెప్పారు. ఆయన ఇది నా ఘడియ అనలేదు. చుట్టుపక్కల ఊళ్ళకు పోదాం పదండని లేచాడు. చిన్నప్పటి నుంచీ చదువుతున్న భాగం. సండే స్కూలు పిల్లలకు బొమ్మలు గీసి చెప్పిన భాగం. అవ్వకు అది చదవడం రాదు. వాకిట్లోంచి లేచి గోడ దాటి చూపించింది. చూసి నవ్వుకున్నాను.

చేవెళ్ల నుంచి ఆ ఫోను వచ్చాక ఇంక ఆగలేకపోయాను. ఆ సాక్ష్యం నా నోటితో చెప్పలేను. చెప్పకుండా ఉండాలంటే కారణం చెప్పాలి. కారణం అందరికంటే ముందు వినాల్సిన మనిషి అవ్వ కూతురు. తల్లి ప్రార్థనలో పోయిందన్న ఒక్క మాట పట్టుకుని ఆమె ఇన్నాళ్ళు నిలబడింది. దాన్ని ఆమె చేతిలోంచి లాక్కోవడానికి నేనెవరు అని ఎనిమిది నెలలు నాకు నేనే చెప్పుకున్నాను. అందులో ఎంత ఆమె మీద దయ, ఎంత నా భయం, నాకు తెలుసు.

ఆమె చేవెళ్ల బస్టాండు దగ్గర భర్తతో కలిసి టిఫిన్ బండి నడుపుతుంది. పోయిన మంగళవారం గిరాకీ తగ్గే వేళకు వెళ్ళాను. నన్ను చూసి చేతులు కడుక్కుని వచ్చింది. బండి వెనక ప్లాస్టిక్ కుర్చీ వేసింది. రెండు ఇడ్లీలు పెట్టింది, తినేదాకా ఊరుకోలేదు. మనిషి అచ్చం తల్లిలాగే ఉంటుంది, మాట మాత్రం వడి. పిల్లల చదువులడిగింది, అయ్యగారి మోకాళ్ళ నొప్పి అడిగింది. నేను ప్లేటు కింద పెట్టి, ఆ రోజు అవ్వ నాకు ఫోన్ చేసిందక్కా అన్నాను. మూడుసార్లు అన్నాను. నేను బీరువాలో పెట్టుకున్నానని, ఎత్తలేదని, సమాధి దగ్గర కూడా నోరు తెరవలేదని చెప్పాను.

ఆమె నా వైపు చూడలేదు. బండి మీద ఆవిరి పోతున్న గిన్నె మూత సరిచేసింది.

"నాకు ఎరుకే అమ్మగారూ. దవాఖానల ఫోన్ నా చేతికే ఇచ్చిండ్రు. చూసిన."

 ఇన్నాళ్ళూ తెలిసే నా పక్కన నిలబడి ఏడ్చింది. తెలిసే నన్ను అమ్మగారూ అని పిలిచింది.

"గా ఫోన్ నేనే కొనిచ్చిన" అంది. "అమ్మకు అంకెలు రావు గద. ఒకటి ఒత్తి పడ్తె మీకు పోతది, రెండు ఒత్తి పడ్తె నాకు. మీరు దగ్గరుంటరని ఒకటి మీకే పెట్టిచ్చిన." చేతిలో గుడ్డతో బండి అంచు తుడిచింది. "మూడుసార్లు ఒకటే ఒత్తింది. రెండు ఒత్తలే. నేను గప్పుడు లేసే ఉంటి. పిండి కలుపుకుంట ఉంటి. ఫోన్ గీడనే, పక్కకే ఉండె."

బస్సు ఒకటి వచ్చి ఆగింది. ఆమె భర్త అటు నుంచి చట్నీ అయిపోయిందని పిలిచాడు. వస్తున్న అంది గానీ లేవలేదు.

"మీకు ఎత్తలేదని దుఃఖం. నాకు చెయ్యలేదని. దూరమున్నది, దాన్ని ఎందుకు పరేషాన్ చెయ్యాలె అనుకున్నదో ఏమో. ఎవలను అడుగుత?"

ఆమె చెయ్యి పట్టుకున్నాను. ప్రార్థన చేద్దామా అని అడగబోయి మానేశాను. ఇన్నేళ్ళలో ఒకరి దుఃఖం ముందు ఆ మాట అడగకుండా కూర్చోవడం నాకు అదే మొదటిసారి. కడుక్కున్నా చెయ్యి పిండితో గరుకుగా ఉంది. కాసేపటికి ఆమే అడిగింది, కూడికలో ఏం చెబుతారని. నువ్వే చెప్పక్కా అన్నాను.

"ప్రార్థనల పోయిందంటె ఇననీకె మంచిగున్నది. మా ఆయన గూడ అందరికి గదే చెప్తడు. గని మా అమ్మ పిలిచింది గద. పిలిచిందనే చెప్పుండ్రి."

అలాగే అన్నాను. లేచాను. సంచి తీసుకుని రోడ్డు మీదికి వచ్చాక వెనకనుంచి వచ్చి ఆపింది. ఆ మాట అనాలా వద్దా అని బండి దగ్గర నిలబడి ఆలోచించుకుని వచ్చినట్టుంది.

"రేపు పొద్దుగాల నేను చేస్త. ఎత్తుతరా అమ్మగారూ?"

ఎత్తుతాను అన్నాను.

బుధవారం నాలుగున్నరకే లేచాను. మొహం కడుక్కుని మెట్ల కింద కూర్చున్నాను. ఫోను శబ్దం పూర్తిగా పెంచి ఒళ్ళో పెట్టుకున్నాను. ఐదైంది. చార్జింగు ఉందో లేదో చూశాను. సిగ్నలు చూశాను. ఐదుంపావు అయింది. పిండి కలుపుతుంటుంది, చెయ్యి ఖాళీ లేదేమో అనుకున్నాను. మనసు మార్చుకుందేమో అనుకున్నాను. నేనే చేయొచ్చు. కానీ చేస్తానన్నది ఆమె. ఐదున్నర దాటాక అవ్వ పేరు నోట్లోకి వచ్చింది, ఆ వెనకే ఆమె కూతురి పేరు. వేరే మాటలేవీ రాలేదు. ఇది ప్రార్థన అవునో కాదో నాకు తెలియదు.

ఆరైంది. ఫోను మోగలేదు. పిల్లల్ని లేపాలి. ఇంకాసేపు కూర్చున్నాను.